ఫోన్‌కు వచ్చిన సందేశం అలవాటును మారుస్తుందా? హౌరా నుంచి బిహార్ దాకా ‘నడ్జ్’ ప్రయోగాలు

సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లేవారికి చివరి స్టేషన్ హౌరా. స్టేషన్ బయటికి రాగానే హుగ్లీ నది మీద హౌరా వంతెన కనిపిస్తుంది. 1943లో రాకపోకలకు తెరిచిన ఈ వంతెనకు 1965లో రవీంద్ర సేతు అని పేరు పెట్టారు. 26,500 టన్నుల ఉక్కుతో, నట్లు బోల్టులు లేకుండా రివెట్లతో బిగించిన కట్టడం ఇది. ఇంత దృఢమైన వంతెనకు ఒక వింత జబ్బు పట్టిన సంగతి 2011లో బయటపడింది. వంతెన మీది దారిని పైనుంచి మోసే ఉక్కు హ్యాంగర్ల మొదళ్లకు రక్షణగా తొడుగులుంటాయి. నాలుగేళ్లలోనే ఆ తొడుగుల మందం 6 మిల్లీమీటర్ల నుంచి 3 మిల్లీమీటర్ల లోపుకు పడిపోయింది. దారిన పోయేవాళ్లు నమిలి ఉమ్మిన పాన్, గుట్కా వాటిని తినేశాయి.

ఇందులో రసాయన శాస్త్రపరంగా ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు. ఉమ్మిలో నీరు, లవణాలు ఉంటాయి. పాన్‌లోని సున్నం, గుట్కాలోని ఇతర పదార్థాలు దానికి తోడవుతాయి. తడి ఆరకుండా మళ్లీ మళ్లీ అదే చోట పడితే పెయింట్ దెబ్బతిని తుప్పు మొదలవుతుంది. వంతెన బాధ్యత చూసే పోర్ట్ ట్రస్ట్ చివరకు హ్యాంగర్ల మొదళ్లకు ఫైబర్‌గ్లాస్ కవచాలు వేయించింది. ఉమ్మి పడినా తుప్పు పట్టదు, కడిగితే పోతుంది.

బహిరంగ ప్రదేశాల్లో ఉమ్మడాన్ని, పొగ తాగడాన్ని నిషేధిస్తూ పశ్చిమ బెంగాల్ 2001లోనే చట్టం చేసింది. అంటే తొడుగులు అరిగిపోయిన రోజుల్లో చట్టం అమల్లోనే ఉంది. ఉమ్మడం తప్పని తెలియక ఉమ్మినవాళ్లు కూడా పెద్దగా ఉండి ఉండరు. తెలుసు, అయినా చేస్తారు. తెలియడానికీ చేయడానికీ మధ్య ఉన్న ఈ ఖాళీయే ప్రవర్తనా శాస్త్రానికి పని కల్పించింది. ఇంజినీర్లు మనుషులను మార్చే ప్రయత్నం మానుకుని ఉక్కుకు తొడుగు వేశారు. మనుషుల ఊపిరితిత్తులకు అలాంటి తొడుగు వేయలేం. అందుకే ప్రజారోగ్యంలో ఈ ప్రశ్న మరింత బరువైనది.

నడ్జ్ అంటే

అమెరికా ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్, న్యాయశాస్త్రవేత్త కాస్ సన్‌స్టీన్ 2008లో రాసిన పుస్తకంతో ‘నడ్జ్’ అనే మాట ప్రచారంలోకి వచ్చింది. పక్కనున్నవాణ్ని మోచేత్తో మెల్లగా పొడిచి ‘అటు చూడు’ అన్నట్టుగా ఉండే చర్య అది. జరిమానా ఉండదు, పెద్దగా డబ్బు ముట్టజెప్పడం ఉండదు, వద్దనుకుంటే వదిలేసే స్వేచ్ఛ ఉంటుంది. నిర్ణయం తీసుకునే క్షణంలో చుట్టూ ఉన్న పరిస్థితిని కొంచెం మారుస్తారు, అంతే. డాక్టర్ అపాయింట్‌మెంట్ ముందురోజు ఫోన్‌కు వచ్చే గుర్తుచేత ఒక నడ్జ్. మన ఆఫీసుల్లో, అపార్ట్‌మెంట్లలో మెట్ల మూలలకు దేవుళ్ల బొమ్మల టైల్స్ అతికించడం కూడా అలాంటిదే. ఆ పని చేసినవాళ్లకు నడ్జ్ అనే పేరు తెలిసి ఉండకపోవచ్చు.

అయితే ఆ టైల్స్ పనిచేస్తున్నాయని ఎలా చెప్పగలం? బొమ్మ ఉన్న మూల శుభ్రంగా ఉండి, పై అంతస్తులో బొమ్మ లేని మూల మరింత ఎర్రబడి ఉండవచ్చు. మొత్తం ఉమ్మి తగ్గిందా, చోటు మారిందా అన్నది లెక్కిస్తే తప్ప తెలియదు. ప్రభుత్వాలు నడ్జ్‌లను నెత్తికెత్తుకున్నప్పుడు ఎదురయ్యే అసలు ప్రశ్న కూడా ఇదే.

2010లో బ్రిటన్ ప్రభుత్వం ఇందుకోసం ప్రత్యేక బృందాన్నే పెట్టింది. 2017లో థేలర్‌కు ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. మన దేశ 2018-19 ఆర్థిక సర్వే నడ్జ్ కోసం ఒక అధ్యాయాన్నే కేటాయించింది. ఆ తర్వాత ఏడాది తిరగకుండానే ఈ ఆలోచనకు దేశంలోనే అతి పెద్ద పరీక్షల్లో ఒకటి బెంగాల్‌లో ఎదురైంది.

2020 మే: రెండున్నర కోట్ల ఫోన్లు

2020 ఏప్రిల్ చివరికి కేంద్రం ప్రకటించిన రెడ్ జోన్ జిల్లాల్లో కోల్‌కతాతోపాటు హౌరా కూడా ఉంది. ఇరుకు వీధులు, చిన్న కార్ఖానాలు, కిక్కిరిసిన బస్తీలున్న నగరం అది. ఏప్రిల్ మధ్యలో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు బహిరంగంగా ఉమ్మడాన్ని దేశమంతటా శిక్షార్హం చేశాయి. వంతెన ఉక్కును తినేసిన అలవాటు ఇప్పుడు వైరస్ వ్యాప్తికి దారిగా కనిపించింది. వైద్యపరంగా అంతకంటే ముఖ్యమైన చిక్కు మరొకటి ఉంది. జ్వరమో దగ్గో వచ్చినవాళ్లు ఆ సంగతి బయటికి చెప్పడం లేదు. చెబితే ఇరుగుపొరుగు వెలివేస్తారని భయం. లక్షణాలు దాస్తే పరీక్ష జరగదు, పరీక్ష జరగకపోతే వ్యాధి ఎక్కడుందో ఆరోగ్యశాఖకు తెలియదు.

ఆ మే నెలలో పశ్చిమ బెంగాల్‌లో 2.5 కోట్ల మందికి ఫోన్లలో ఒక ఎస్సెమ్మెస్ వచ్చింది. అందులోని లింకు నొక్కితే రెండున్నర నిమిషాల వీడియో. మాట్లాడుతున్నది అభిజిత్ బెనర్జీ. కోల్‌కతాలో చదువుకుని, 2019లో ఎస్తేర్ డూఫ్లో, మైకేల్ క్రేమర్‌లతో కలిసి నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త ఆయన. కోల్‌కతాకు చెందిన కాలేయ వ్యాధుల నిపుణుడు అభిజిత్ చౌధురి, డూఫ్లో, మరికొందరు పరిశోధకులు కలిసి దీన్ని ఒక ప్రయోగంగా మలిచారు.

ప్రయోగంగా మలచడం అంటే ఏమిటో కాస్త నిదానంగా చూడాలి. వీడియో అందరికీ పంపి, నెల తర్వాత కేసులు తగ్గాయా పెరిగాయా అని చూస్తే ఏమీ తేలదు. ఆ నెలలో లాక్‌డౌన్ నిబంధనలు మారాయి, వలస కార్మికులు ఊళ్లకు తిరిగొచ్చారు. ఏ మార్పుకు ఏది కారణమో విడదీయలేం. అందుకే ఏ ప్రాంతానికి ఏ సందేశం వెళ్లాలన్నది పిన్‌కోడ్ల వారీగా లాటరీ వేసి నిర్ణయించారు. కొన్ని పిన్‌కోడ్లలోని 30 లక్షల మందికి బెనర్జీ వీడియోకు బదులు ప్రభుత్వ సమాచారం ఎక్కడ దొరుకుతుందో చెప్పే మామూలు సందేశం వెళ్లింది. లాటరీ కాబట్టి, సగటున చూస్తే రెండు రకాల ప్రాంతాల మధ్య తేడా ఈ సందేశం ఒక్కటే. వర్షం, భయం, పోలీసు కట్టడి, పుకార్లు రెండు వైపులా ఒకే తీరుగా పంచబడి ఉంటాయి.

మనిషికో సందేశం చొప్పున కాకుండా పిన్‌కోడ్‌ను యూనిట్‌గా తీసుకోవడంలోనూ ఒక లాభం ఉంది. ఒకే వీధిలో ఒకరికి వీడియో, పక్కింటివారికి మామూలు సందేశం వెళితే ఇద్దరూ సాయంత్రం అరుగు మీద మాట్లాడుకుంటారు. పోలిక చెడిపోతుంది.

వీడియోలన్నింటిలో ఒక విషయం మాత్రం మారలేదు. లక్షణాలు కనిపిస్తే స్థానిక ఆరోగ్య కార్యకర్తకు చెప్పమని ప్రతి వీడియో కోరింది. మిగతాది మార్చి మార్చి పంపారు. కొన్ని దూరం పాటించడం గురించి, కొన్ని చేతుల శుభ్రత గురించి చెప్పాయి. కొన్ని ‘మీ కోసం’ అన్నాయి, కొన్ని ‘అందరి కోసం’ అన్నాయి. కొన్ని మాత్రం వ్యాధి సోకినవారిని వెలివేయడం గురించి ప్రస్తావించాయి.

తర్వాత ఫోన్ సర్వేలు చేశారు. వీడియో వెళ్లిన ప్రాంతాల్లో ఆరోగ్య కార్యకర్తలకు లక్షణాలు చెప్పడం రెట్టింపైంది. జ్వరం విషయంలో ఈ తేడాకు గణాంకపరమైన విలువ 0.001. అంటే, వీడియోకు అసలు ప్రభావమే లేకపోయినా కేవలం లాటరీ వాటం వల్ల ఇంత తేడా కనిపించే అవకాశం వెయ్యిలో ఒక వంతు. మామూలు సందేశం వెళ్లిన చోట గత రెండు రోజుల్లో ఊరు దాటి వెళ్లినవారు 37 శాతం. వీడియో వెళ్లిన చోట ఇది 20 శాతం తగ్గింది. ఇంటికి రాగానే చేతులు కడుక్కోవడం 67.5 శాతం నుంచి మరో 7 శాతం పెరిగింది.

ఇలాంటి అంకెలు పత్రికల్లో చదివేటప్పుడు ఒక తికమక వస్తుంది. 20 శాతం తగ్గిందంటే 37 కాస్తా 17 అయిందని కాదు. 37లో ఐదో వంతు తగ్గి సుమారు 30కి వచ్చిందని అర్థం. అలాగే చేతుల శుభ్రత 67.5 నుంచి 74.5 కాలేదు, సుమారు 72 అయింది. ‘రెట్టింపు’ అన్న మాటనూ అంతే జాగ్రత్తగా తీసుకోవాలి. రెట్టింపైనది ఎంత నుంచి అని అడగాలి.

తేలనివి, ఊహించనివి

పరిశోధకులు ఎంతో శ్రమపడి మార్చి మార్చి చూసిన అంశాలు పెద్ద తేడా తేలేదు. దూరం గురించి విన్నవాళ్లు చేతులూ ఎక్కువగా కడుక్కున్నారు, చేతుల గురించి విన్నవాళ్లు ప్రయాణాలూ తగ్గించారు. మాస్కు మాట ఏ వీడియోలోనూ లేదు. అయినా మాస్కు వాడకం స్వల్పంగా, 2 శాతం పెరిగింది. ఇన్ని అంశాలు కొలిచినప్పుడు ఇంత చిన్న తేడాను గట్టి నిజంగా పట్టుకోకపోవడమే మంచిది. అదే ప్రాంతంలో ఉండి సందేశం అందనివారిలో కూడా అందినవారితో సమానమైన మార్పు కనిపించింది. ఈ ఫలితం మాత్రం చాలా విలువైనది. సందేశం ఫోన్ దగ్గర ఆగిపోలేదు, నోటి మాటగా ఊళ్లోకి వెళ్లింది.

ఇంతకీ పనిచేసింది ఏమిటి? వాక్యాల కూర్పు కాదని పై ఫలితమే చెబుతోంది. 2020 మే నాటికి కోవిడ్ హెచ్చరికలు వినని మనిషి లేడు. ఫోన్ కలిపితే రింగ్‌టోన్‌కు ముందు దగ్గు వినిపించేది. పోలిక కోసం తీసుకున్న 30 లక్షల మందికీ సందేశం వెళ్లింది, అది సమాచారం వైపే దారి చూపింది. కాబట్టి ఇక్కడ కొలిచింది ఎస్సెమ్మెస్ బలాన్ని కాదు. తమ వాడు, తమ గడ్డ మీద చదువుకుని నోబెల్ తెచ్చుకున్నవాడు నేరుగా చెప్పిన మాట బలాన్ని. అన్ని వీడియోల్లోనూ మాట్లాడింది ఆయనే కనుక, బలం మనిషిదా, వీడియో రూపానిదా అన్నది ఈ ప్రయోగంతో పూర్తిగా విడిపోదు. ఇంకో లోపం కూడా ఉంది. ప్రయాణాలు, చేతుల శుభ్రత వంటి వివరాలు జనం ఫోన్లో చెప్పినవి. మంచి మాట విన్నాక మంచిగా చెప్పాలనిపించడం సహజం.

గంగానది మీదుగా కొంచెం పైకి వెళితే

బెంగాల్ ఫలితాలు వెలువడ్డ తర్వాత ‘సందేశాలు పనిచేస్తాయి’ అని తీర్మానించుకోవడం తేలిక. అదే ఏడాది పక్కనే ఉన్న బిహార్‌లో జరిగిన మరో ప్రయోగం ఆ తొందరకు అడ్డుకట్ట వేసింది.

కోవిడ్ మొదలైన ఆరు నెలల తర్వాత బిహార్ గ్రామాల్లో దూరం పాటించడం, చేతులు కడుక్కోవడం గురించి మరో పరిశోధక బృందం ఎస్సెమ్మెస్‌లు పంపింది. ఇందులో పది రకాలున్నాయి. పంపే సమయం మార్చారు, లాభం గురించి చెప్పే సందేశాలు, నష్టం గురించి హెచ్చరించే సందేశాలు తయారుచేశారు, కుటుంబం పేరు చెప్పి, ఊరి పేరు చెప్పి చూశారు. పది విడతలుగా సాగిన ఈ ప్రయోగంలో ఒక తెలివైన ఏర్పాటు కూడా ఉంది. ఒక విడతలో మెరుగ్గా కనిపించిన సందేశానికి తర్వాతి విడతలో ఎక్కువ మందిని కేటాయించారు. దాదాపు 4,000 కుటుంబాలతో ఫోన్లో మాట్లాడారు. జనానికి తెలిసినదానిలో గానీ, చేసే పనిలో గానీ మార్పు వచ్చిందనడానికి ఆధారం దొరకలేదు.

మరి బెంగాల్‌లో పనిచేసింది బిహార్‌లో విఫలమైందా? ఇక్కడే గణాంకాలను మరోసారి ఓపిగ్గా చదవాలి. బిహార్ బృందం ప్రభావం సున్నా అని అనలేదు. తమ కొలత కచ్చితత్వాన్ని బట్టి 5.5 శాతం పాయింట్ల వరకు మేలు జరిగి ఉండే అవకాశాన్ని తోసిపుచ్చలేమంది. బెంగాల్‌లో చేతుల శుభ్రత పెరిగింది సుమారు 4.7 పాయింట్లే. రెండు చోట్లా కొలిచిన తీరు వేరు, మొదలు పెట్టిన స్థాయి వేరు. అందుకని ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి తూచలేం. అయినా పూర్తి విరుద్ధంగా కనిపించే రెండు ఫలితాల మధ్య దూరం శీర్షికల్లో కనిపించేంత లేకపోవచ్చు.

తేడా లేదని కూడా అనలేం. మేలో భయం కొత్తది, ఏం చేయాలో తెలియని స్థితి. ఆరు నెలలయ్యాక అవే మాటలు అరిగిపోయాయి, భయం అలవాటుగా మారింది. బిహార్ పరిశోధకుల అంచనా కూడా ఇదే: మహమ్మారి తొలి దశ దాటాక ఎస్సెమ్మెస్ ప్రచారానికి పదును తగ్గుతుంది. బెంగాల్ సందేశానికి అవతలి కొసన ఒక మనిషి కూడా ఉంది. ‘జాగ్రత్తగా ఉండండి’ అని ఊరుకోకుండా ఫలానా కార్యకర్తకు చెప్పండి అన్నది. ఊళ్లో ఆ కార్యకర్త లేకపోతే, ఉన్నా జనానికి పరిచయం లేకపోతే, అదే వీడియో ఎంతవరకు పనిచేసేదో ఊహించుకోవచ్చు.

మాట కాకుండా వస్తువు

హౌరా నుంచి రైల్లో నాలుగు గంటల లోపు దూరంలో ఉన్న బీర్‌భూమ్ జిల్లా గ్రామాల్లో కోవిడ్‌కు ముందే చేతుల శుభ్రత మీద మరో తరహా ప్రయోగం జరిగింది. అక్కడ సందేశం కంటే ముందు వస్తువును ఇచ్చారు. సబ్బు ద్రవం ఉండే ఒక డబ్బాను తయారుచేసి లాటరీ పద్ధతిలో ఎంపిక చేసిన ఇళ్లలో బిగించారు. నొక్కినప్పుడల్లా ఆ సమయాన్ని నమోదు చేసే సెన్సర్ దాని లోపల ఉంది. మీరు చేతులు కడుక్కున్నారా అని అడగనవసరం లేదు, డబ్బాయే చెబుతుంది. భౌతిక ప్రయోగశాలలో పరికరం మీద పెట్టే నమ్మకాన్ని ఇంటి పెరట్లోకి తెచ్చిన ఏర్పాటు ఇది. రాత్రి భోజనానికి ముందు చేతులు కడుక్కోవడం మీద దృష్టి పెట్టారు. కొన్ని ఇళ్లకు వాడకం వివరాలు తెలియజేస్తూ వచ్చారు, కొన్ని ఇళ్లకు చిన్న ప్రోత్సాహకాలిచ్చారు.

వివరాలు తెలియజేసిన ఇళ్లలో, ప్రోత్సాహకం పొందిన ఇళ్లలో చేతుల శుభ్రత పెరిగింది. అవి ఆపేశాక కూడా ఆ అలవాటు కొంత నిలిచింది. కానీ పిల్లల బరువు, ఎత్తులో మెరుగుదల డబ్బా మాత్రమే ఇచ్చిన ఇళ్లలోనూ కనిపించింది. సబ్బు కంటికి ఎదురుగా, చేతికి అందేలా ఉండటమే సగం పని చేసింది. ఇంట్లో సబ్బు లేక చేతులు కడగనివారు తక్కువే. అది బట్టలుతికే చోటో, స్నానం చేసే చోటో ఉంటుంది, అన్నం ముందు కూర్చున్నప్పుడు లేచి వెళ్లబుద్ధి కాదు.

టీకాల విషయంలోనూ ఇలాంటి లెక్కే కనిపిస్తుంది. రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లా గ్రామాల్లో బెనర్జీ, డూఫ్లో బృందం చేసిన ప్రయోగ ఫలితాలు 2010లో వచ్చాయి. ఏ ప్రయత్నమూ చేయని ఊళ్లలో అన్ని టీకాలూ పూర్తయిన పిల్లలు 6 శాతం. చెప్పిన రోజున తప్పకుండా జరిగే శిబిరాలు పెడితే అది 18 శాతమైంది. శిబిరానికి తోడు ప్రతి టీకాకు కిలో పప్పు, అన్నీ పూర్తయితే భోజనపు పళ్లాలు ఇస్తే 39 శాతానికి చేరింది. పప్పు కథే అందరికీ గుర్తుండిపోయింది. కానీ నర్సు కచ్చితంగా వస్తుందన్న భరోసా ఒక్కటే మూడు రెట్లు పెంచిన సంగతి అంతగా ప్రచారం కాలేదు. అది నడ్జ్ కూడా కాదు, మామూలుగా నడవాల్సిన సేవ.

ప్రభుత్వం ఏది ఎంచుకోవాలి

నడ్జ్‌ల మీద తొలినాళ్ల ఉత్సాహం ఇప్పుడు తగ్గింది. అమెరికాలోని రెండు నడ్జ్ విభాగాలు చేసిన 126 ప్రయోగాలను స్టెఫానో డెల్లావిన్యా, ఎలిజబెత్ లినోస్ 2022లో కలిపి చూశారు. పరిశోధన పత్రికల్లో అచ్చయిన నడ్జ్‌ల సగటు ప్రభావం 8.7 శాతం పాయింట్లుంటే, ప్రభుత్వ విభాగాలు క్షేత్రంలో చేసినవాటి సగటు 1.4 పాయింట్లే. గెలిచిన ప్రయోగాలే ఎక్కువగా అచ్చవుతాయి, ఓడినవి సొరుగులో ఉండిపోతాయి అన్నది ఇందుకు ముఖ్య కారణం. బిహార్ ఫలితం అచ్చు కావడం ఆ కోణంలో కూడా మేలైన విషయం.

1.4 పాయింట్లు చిన్నవే. కానీ ఖర్చు దాదాపు లేనప్పుడు, కోట్ల మందికి వర్తించినప్పుడు అదీ లెక్కలోకి వస్తుంది. నర్సును నియమించే డబ్బు మిగుల్చుకోవడానికి ఎస్సెమ్మెస్‌ను వాడితేనే చిక్కు.

ఈ లెక్క ఎంత సూక్ష్మంగా ఉంటుందో హరియాణాలో పిల్లల టీకాలపై జరిగిన పెద్ద ప్రయోగం చూపించింది. గుర్తుచేసే ఎస్సెమ్మెస్‌లు, ప్రోత్సాహకాలు, ఊళ్లో కబురు వేగంగా చేరవేసే మనుషులు అనే మూడింటినీ రకరకాల మోతాదుల్లో కలిపి 75 కలయికలను పరీక్షించారు. ఊరందరికీ కబుర్లు మోసే ఇలాంటి మనిషి ప్రతి ఊళ్లోనూ ఉంటాడు, వాళ్లెవరో తెలుసుకోవడానికి ఊరివాళ్లనే అడిగితే చాలు. ఈ మూడింటినీ కలిపి, ఒక్కో టీకాకు ప్రోత్సాహకం పెంచుతూ పోయిన చోట టీకాలు 44 శాతం పెరిగాయి. ప్రోత్సాహకం తీసేసి, కబురు మోసేవాళ్లు, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉంచిన చోట పెట్టిన ప్రతి రూపాయికీ పడిన టీకాలు 9.1 శాతం పెరిగాయి. మొదటిది ఎక్కువ మంది పిల్లలకు టీకా వేయిస్తుంది, ఖర్చు ఎక్కువ. రెండోది బడ్జెట్‌ను పొదుపుగా వాడుతుంది, కొందరు పిల్లలు మిగిలిపోతారు. ఈ రెండింట్లో ఏది ‘ఉత్తమం’ అన్నదానికి ప్రయోగం జవాబివ్వదు. తట్టు సోకే పిల్లల సంఖ్య, జిల్లా ఆరోగ్యశాఖ చేతిలో ఉన్న డబ్బు ముందు పెట్టుకుని ఎవరో ఒకరు కూర్చుని తేల్చాల్సిన విషయం అది.